అప్పెఱుగని ఆశ్రమము : జార్జి ముల్లరు చరిత్రము

ధర్మకార్యము చేయుటకు ధనము కావలెను. ధనము కావలెనన్న ధనవంతుల గడప త్రొక్కవలెను. గడప త్రొక్కినవాడు వారి మాటకు తల యూపవలెను. ఇది లోకములో అందఱును ఎఱిగిన త్రోవ. ఈ త్రోవను విడిచి, ఒకరిని యాచింపక, ఒక కాసు ఋణము చేయక, పదివేలమందికి పైగా తల్లిదండ్రులు లేని బిడ్డలను పెంచిన మహాపురుషుడొకడు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమందలి బ్రిస్టలు నగరమున జీవించెను. ఆయన పేరు జార్జి ముల్లరు. పోతనామాత్యుడు తన భాగవతమును రాజునకు అంకితము చేయనొల్లక నాగలిని నమ్ముకొని జీవించెనని మన పెద్దలు చెప్పుకొనెడి కథ తెలుగువారికి పరిచితమే. అట్టి పట్టుదలయే వేఱొక దేశమున, వేఱొక మతమున ఏ రూపము దాల్చెనో ముల్లరు జీవితమున కాననగును.

ముల్లరు 1805వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన ప్రష్యా రాజ్యమందలి క్రోపెన్‌స్టెట్ అను ఊరిలో జన్మించెను. తండ్రి సర్కారు పన్నులు వసూలుచేయు ఉద్యోగి. ఇంటిలో సర్కారు సొమ్ము ఉండెడిది. పదియేండ్లు నిండకమునుపే బాలుడు ఆ సొమ్మును కొంచెము కొంచెముగా దొంగిలింప మొదలిడెను. లెక్క తగ్గుచుండుట చూచి తండ్రికి అనుమానము కలిగెను. ఒకనాడు ఆయన కొంత రొక్కము లెక్కించి, బాలుడున్న గదిలో బుద్ధిపూర్వకముగనే విడిచిపోయెను. తిరిగివచ్చి లెక్కింపగా తక్కువ వచ్చెను. వెదకగా బాలుని జోడులో, పాదము క్రింద, ఆ నాణెములు దొరకెను. దెబ్బలు పడెను గాని బుద్ధి రాలేదు. పదునాలుగవ యేట తల్లి మరణశయ్యపై నున్న రాత్రి, ఆ సంగతి తెలియక, వేఱొక ఊరిలో రెండు గంటలవఱకు పేకాడుచుండెను. పదునాఱవ యేట పూటకూళ్ళ యిండ్లలో దొరబిడ్డవలె దిగి, బాకీ చెల్లింపక పాఱిపోజూచి పట్టుబడెను. 1821 డిసెంబరు 18 మొదలు 1822 జనవరి 12 వఱకు చెఱసాలలో నుండెను. తండ్రి సొమ్ము పంపి బాకీ తీర్చి విడిపించెను. తరువాతి కాలమున ఒక్క పెన్నీకైనను లెక్క తప్పని మనుష్యుడు తొలుత ఇట్టివాడై యుండుట గమనింపదగినది. ఋణముపట్ల ఆయనకు కలిగిన భయము పుస్తకములు చదివి నేర్చినది కాదు.

కుమారుడు మతాచార్యుడై, మంచి రాబడిగల దేవాలయమున కుదురుకొని, వృద్ధాప్యమున తన్ను సుఖముగా పోషింపవలెనని తండ్రి కోరిక. అందులకై 1825లో ముల్లరు హాలే విశ్వవిద్యాలయమున చేరెను. మతవిద్య నభ్యసించుచునే త్రాగుచు, జూదమాడుచు కాలము గడపెను. ఆ సంవత్సరము నవంబరు మాసమున ఒక శనివారము సాయంకాలము మిత్రుడొకడు ఆయనను ఒక సామాన్య గృహస్థుని యింటికి ప్రార్థనకు గొనిపోయెను. అచట ఒకడు మోకాళ్ళూని ప్రార్థించెను. మనుష్యుడు మోకరించి ప్రార్థించుట ముల్లరు అదివఱకెన్నడు చూచియుండలేదు. ఆ రాత్రితో ఆయన జీవితము మాఱెను. పాత అలవాట్లన్నియు ఒక్కదినమున పోలేదు గాని, మనస్సు మాత్రము తిరిగి వెనుకకు పోలేదు.

మాఱిన మనస్సునకు తొలి పరీక్ష ఇంటినుండియే వచ్చెను. తాను దూరదేశములకు పోయి క్రీస్తు బోధ చేయుదునని ముల్లరు తండ్రికి తెలిపెను. తండ్రి కోపించెను, దుఃఖించెను, కొడుకు చదువునకై తాను చేసిన వ్యయము నంతయు ఎత్తిచూపెను. తండ్రి కోరినట్లు నడువనప్పుడు తండ్రి ధనముతో జీవించుట న్యాయము కాదని ముల్లరు తలచెను. చదువింకను రెండేండ్లు మిగిలియుండగనే ఇకమీదట ఇంటినుండి సొమ్ము పుచ్చుకొనకూడదని నిశ్చయించుకొనెను. కొలది కాలములోనే అమెరికానుండి కొందఱు పండితులు హాలేకు వచ్చిరి. వారికి జర్మను భాష నేర్పువాడు కావలసియుండెను. ముల్లరు వారికి పాఠములు చెప్పెను. వారు మంచి ప్రతిఫల మిచ్చిరి. చదువు సాగిపోయెను. అంతరాత్మకు విరుద్ధమైన ధనమును మొదట విడువవలెను, తరువాత సహాయము నెదురుచూడవలెను అను వరుస ఆయన జీవితమున ఇట్లు మొదలయ్యెను. సహాయము ముందు కనబడిన పిమ్మట విడుచుట సులభమే. ముల్లరు వరుస అది కాదు.

ఆ హాలే నగరముననే ఫ్రాంకె అను భక్తుడు స్థాపించిన గొప్ప అనాథశరణాలయము కలదు. ఫ్రాంకె 1727లోనే మరణించినను ఆయన స్థాపించిన సంస్థ నిలిచియుండెను. బీద విద్యార్థుల కచట ఉచితముగా వసతి యుండెడిది. ముల్లరు కూడ రెండు మాసములు ఆ వసతిలో నుండెను. తెలుగు పాఠకులకు ఈ హాలే మఱియొక విధముగ స్మరణీయము. మదరాసున పనిచేసి, తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జి తన తెలుగు గ్రంథములను 1746, 1747 ప్రాంతమున అచ్చొత్తించినది ఈ నగరముననే. తెలుగు అక్షరము మొట్టమొదట అచ్చు పుస్తకములకెక్కిన చోటనే ముల్లరు మనస్సున అనాథశరణాలయపు బీజము పడెను.

1829లో ముల్లరు లండను నగరమునకు వచ్చి, యూదులకు క్రీస్తు మతమును బోధించు నొక సంఘమున శిక్షణ పొందెను. అచట జబ్బుపడి, గాలి మార్పునకై దక్షిణ తీరమందలి టైన్‌మతు అను ఊరికి పోయెను. సంఘపు కట్టడులకు లోబడి నడచుట తన మనస్సాక్షికి సరిపడదని తోచి, 1830 ఆరంభమున ఆ సంఘమును విడిచెను. టైన్‌మతు నందలి చిన్న ప్రార్థనామందిరమువారు ఏడాదికి 55 పౌనుల జీతముపై ఆయనను బోధకునిగా నియమించుకొనిరి. 1830 అక్టోబరు 7వ తేదీన మేరీ గ్రోవ్సు అను కన్యను వివాహమాడెను.

ఆ కాలపు దేవాలయములలో ధనికులు అద్దె చెల్లించి మంచి పీటలు తీసికొనెడివారు. ఆ అద్దెయే బోధకుని జీతమగుచుండెను. దేవుని యింట ధనికునకు ముందు పీట, దరిద్రునకు వెనుక పీట యుండుట క్రీస్తు బోధకు విరుద్ధమని ముల్లరునకు తోచెను. వివాహమైన మూడు వారములకే ఆయన పీటల అద్దెను రద్దుచేసి, దానితో వచ్చు జీతమును గూడ వదలుకొనెను. మందిరములో ఒక పెట్టె పెట్టించి, ఇష్టమున్నవారు ఇష్టమైనంత అందులో వేయవచ్చునని చెప్పెను. తమ అక్కఱలను ఇకమీదట దేవునికే గాని మనుష్యునకు చెప్పరాదని భార్యాభర్తలు నిశ్చయించుకొనిరి.

నవంబరు మాసము నడుమ ఇంటిలో సుమారు ఎనిమిది షిల్లింగులు మాత్రమే మిగిలెను. ఉదయమున వారిరువురు ప్రార్థించిరి. కొన్ని గంటల పిమ్మట పొరుగూరి స్త్రీ యొకతె ముల్లరును చూచి, సొమ్మేమైన కావలెనా యని అడిగెను. ఎదుటివారే అడుగుచుండగా ఔనని చెప్పుటలో తప్పేమున్నదని మనము తలంతుము. ముల్లరు మాత్రము, జీతము వదలినపుడు తన అక్కఱలను దేవునికొక్కనికే చెప్పుకొందునని మాట యిచ్చితినని గుర్తుచేసి ఊరకుండెను. ఇమ్మని దేవుడు తనకే చెప్పెనని ఆమె పలికి రెండు గినీలు చేతబెట్టెను. మొత్తము చిన్నదే. కాని నోరు విప్పి ఔననియుండినచో ఆ నియమము ఆనాడే చచ్చియుండెడిది.

1832లో ముల్లరు తన మిత్రుడైన హెన్రీ క్రెయికుతో కలసి బ్రిస్టలు నగరమునకు కాపురము మార్చెను. ఆ యేడు ఆ నగరమున మహామారి వ్యాపించెను. వీధులలో అనాథలైన బిడ్డలు కానవచ్చుచుండిరి. 1834 మార్చి 5వ తేదీన మిత్రులిరువురును పాఠశాలలు నడపుటకును, బైబిలు గ్రంథములు పంచుటకును, దూరదేశములలోని బోధకులకు తోడ్పడుటకును ఒక సంస్థను స్థాపించిరి. దాని నియమములు విచిత్రములు. దేవుని నమ్మని గొప్పవారిని పోషకులుగా పేర్కొనరాదు. అవిశ్వాసులను ధన మడుగరాదు. ఋణము చేయరాదు. అదివఱకు ఏ సంస్థ పత్రము చూచినను మొదటి పుటలో ప్రభువుల పేర్లు, జమీందారుల పేర్లు కానవచ్చుచుండెను. వీరి పత్రమున ఒక్క పేరును లేదు.

ఆ దినములలో ముల్లరు ఇంటింటికి పోయి సభ్యులను పలుకరించెడివాడు. ఒక పనివాడు దినమునకు పదునాలుగు, పదునాఱు గంటలు పనిచేయుచు, దేహమును ఆత్మయు క్షీణింప, పని తగ్గించినచో కుటుంబము పస్తుండునని భయపడుచుండెను. ఒక వర్తకుడు తన వ్యాపారపు పద్ధతి న్యాయము కాదని ఎఱిగియు, అందఱవలె నడువకున్న దుకాణము మూతపడునని వెఱచుచుండెను. వృద్ధులు తమ కడపటి దినములు దరిద్రుల శాలలో గడచునేమోయని కుమిలిపోవుచుండిరి. వీరందఱును దేవుని నమ్మినవారే. ఆదివారమున నమ్మకము, సోమవారమున భయము. వీరికి ఉపదేశము చాలదని ముల్లరు గ్రహించెను. కంటికి కనబడు సాక్ష్యము కావలెను. ఒక బీదవాడు, చేత కాసు లేనివాడు, ఎవరిని అడుగక, ఏ నియమమును సడలింపక, కేవలము ప్రార్థనచేత ఒక అనాథాశ్రమమును నడపి చూపినచో, ఈ వర్తకుడును ఈ పనివాడును ధైర్యము తెచ్చుకొందురని ఆయన తలచెను. బిడ్డలపై దయ ఆయనకు లేకపోలేదు. కాని ఆశ్రమము స్థాపించుటకు తన ప్రధానోద్దేశము ఇదియేనని ఆయన స్పష్టముగా వ్రాసియుంచెను.

1835 డిసెంబరు 9వ తేదీన సభ జరిగెను. సభలో చందా పెట్టె త్రిప్పలేదు. అయినను సొమ్ము వచ్చెను, బట్టలు వచ్చెను, పాత్రలు వచ్చెను, జీతము లేకయే పనిచేయుదుమని కొందఱు ముందుకు వచ్చిరి. విల్సను వీధిలో ఆఱవ నంబరు ఇల్లు అద్దెకు దొరకెను. బిడ్డలను చేర్చుకొనుటకు 1836 ఫిబ్రవరి 3వ తేదీ నిర్ణయింపబడెను. ముల్లరు రెండు గంటలసేపు కూర్చుండెను. ఒక్కరును రాలేదు. ఇంటి కొఱకు ప్రార్థించితిని, ధనము కొఱకు ప్రార్థించితిని, పనివారి కొఱకు ప్రార్థించితిని గాని, బిడ్డల కొఱకు ప్రార్థింపలేదేయని అప్పుడాయనకు జ్ఞప్తికి వచ్చెను. బిడ్డలు ఎట్లును వత్తురని తలచియుండెను. ఆ సాయంకాలము నేలపై బోర్లపడి ప్రార్థించెను. మఱునాడు మొదటి దరఖాస్తు వచ్చెను. ఏప్రిలు మాసమున ఆశ్రమము తెఱువబడెను. రెండేండ్లలో ఆ వీధిలోనే మూడు ఇండ్లయ్యెను.

1838 సెప్టెంబరునుండి కష్టకాలము ప్రారంభమయ్యెను. అదివఱకు రొట్టెలవానికి, పాలవానికి వారమున కొకసారి లెక్క చూచి సొమ్ము చెల్లించుచుండిరి. చెల్లింపవలసిన దినమున చేత సొమ్ము లేకున్న అది ఋణమే యగునని ముల్లరు గ్రహించి, ఆ పద్ధతిని మాన్పించెను. ఏ పూటకు కావలసిన వస్తువు ఆ పూట రొక్కముతోనే కొనవలెను. రొక్కము లేకున్న కొనరాదు. వారపు ఖాతా ఎంత సదుపాయమో ఊరిలో దుకాణము నెఱిగిన ప్రతివానికి తెలియును. ఆ సదుపాయము వదలుకొనిన పిమ్మట పగటిభోజనమునకును రాత్రిభోజనమునకును నడుమ తెర యొక్కటియే, అది నమ్మకము. పరిస్థితిని ముల్లరు ఆశ్రమపు పనివారికి మాత్రము చెప్పెను. వారు బయటివారికి చెప్పలేదు. తమకు అనవసరమైన వస్తువులను అమ్మి ఆ సొమ్ము తెచ్చి యిచ్చిరి. సెప్టెంబరు 18వ తేదీన ఇక మార్గము లేదనుకొన్న సమయమున, లండను ప్రాంతమునుండి వచ్చిన యొక స్త్రీ 3 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు తెచ్చి యిచ్చెను. ఆమె కుమార్తె ఆశ్రమమునకై పంపిన సొమ్మది. ఆమె నాలుగైదు దినములకు పూర్వమే నగరమునకు వచ్చి, బాలుర ఆశ్రమము ప్రక్కయింటనే దిగియుండెను. వీరు దిగులుపడుచున్న దినములన్నియు సహాయము గోడ కవతలనే యుండెనన్నమాట.

ఇంతకంటె గట్టి పరీక్ష 1841 డిసెంబరులో వచ్చెను. ఏటేట ఆ మాసమున సభ జరిపి, సంవత్సరపు నివేదిక అచ్చొత్తించుట పరిపాటి. ముల్లరు మనుష్యుల నడుగకున్నను, ఈ నివేదికలే అడుగుటతో సమానము కదా యని ఆక్షేపించువారు ఉండిరి. ఆ ఆక్షేపణ నిరాధారమైనది కాదు. నివేదిక చదివి సొమ్ము పంపినవారు ఉండిరి. ఆ డిసెంబరున చేత సొమ్ము దాదాపు లేదు. సభ జరిపినచో, నివేదిక వెలువడినచో, ఎవరును తప్పుపట్టజాలరు. అది ఏటేట జరుగు పనియే. సరిగా ఆ కారణముననే ముల్లరును, ఆయన తోడివారును సభను, నివేదికను వాయిదా వేసిరి. మిక్కిలి బీదతనముననున్న సమయమున తమ స్థితి లోకమునకు తెలియుట యాచన వంటిది యగునని వారు భావించిరి. అప్పటినుండి 1842 ఏప్రిలు వఱకు నాలుగు మాసములు చేతికి చేత, నోటికి నోట గడచెను. ఒక పూటకు రొట్టె యున్న పాలు లేకపోవును. సొమ్ము ఏ గంటకు వచ్చునో తెలియదు. కాని బిడ్డలు పస్తుండిన పూట యొక్కటియు లేదని ఆయన లెక్కలు చెప్పుచున్నవి. ఆక్షేపించిన వారికి సమాధానము చెప్పుటకై ఆయన గ్రంథము వ్రాయలేదు, తేదీ మార్చెను.

ఇట్టి నమ్మకపు ప్రభావము మన గోదావరి తీరమును గూడ ముట్టెను. ముల్లరు భార్య సోదరుడగు ఆంటనీ నారిస్ గ్రోవ్సు దంతవైద్యుడు. మంచి రాబడిని వదలి, 1829లో బోధకుడై బాగ్దాదు నగరమునకును, పిమ్మట హిందూదేశమునకును వచ్చినవాడు. ఆయన 1835లో స్వదేశమునకు పోయి, 1836లో విలియం బౌడెను, జార్జి బీరు అను ఇరువురిని భార్యలతో గూడ వెంటబెట్టుకొని వచ్చెను. ఒకడు రాతిపనివాడు, మఱియొకడు చెప్పులు కుట్టువాడు. ఏ సంఘపు జీతమును వీరికి లేదు. బందరున తెలుగు నేర్చి, నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో వీరు స్థిరపడి పనిచేసిరి. గ్రోవ్సు 1853లో బ్రిస్టలు నగరమున ముల్లరు ఇంటనే కన్నుమూసెను.

1845 అక్టోబరులో విల్సను వీధి నివాసి యొకడు, ఇంతమంది బిడ్డల సందడివలన ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలుగుచున్నదని మర్యాదగా ఉత్తరము వ్రాసెను. ముల్లరు కోపింపలేదు. అందు న్యాయము కలదని ఒప్పుకొని, ఊరి వెలుపల సొంత భవనము కట్టవలెనని సంకల్పించెను. ఆష్లీ డౌను అను మెట్టపై స్థలము కనబడెను. యజమాని మొదట ఎకరమునకు 200 పౌనులు వెల చెప్పియుండెను. ఆ రాత్రి ఆయనకు తెల్లవాఱుజామున మెలకువ వచ్చి మరల నిద్ర పట్టలేదు. ఆ స్థలమును ముల్లరునకు 120 పౌనులకే యీయవలెనని అప్పుడు నిశ్చయించుకొనెను. మఱునాడు ఆ వెలకే ఇచ్చెను. కట్టడమునకు కావలసిన సొమ్ము చేరువఱకు ముల్లరు పునాది త్రవ్వింపలేదు. సంకల్పమునకును, పని ఆరంభమునకును నడుమ ఏడాదిన్నరకు పైగా గడచెను. సగము కట్టి చందాలకై తిరుగుట ఆయన పద్ధతి కాదు. 1849 జూను 18వ తేదీన మున్నూరుమంది బిడ్డలకు చాలిన మొదటి భవనము తెఱువబడెను. తరువాత 1857, 1862, 1868, 1870 సంవత్సరములలో ఒకదాని తరువాత నొకటిగా నాలుగు భవనములు లేచెను. మొత్తము 2,050 మందికి చోటయ్యెను. తల్లిదండ్రు లిరువురును లేని బిడ్డలనే, అందును వివాహబంధమున పుట్టినవారినే చేర్చుకొనెడివారు. ఈ రెండవ నియమము నేటి పాఠకునకు కఠినముగా తోచును. ఆ కాలపు ధర్మసంస్థ లనేకములలో వలె వోట్లు గాని, సిఫారసులు గాని ఇచట అక్కఱలేకుండెను.

1857 నవంబరు చివర మొదటి భవనమును వెచ్చబఱచు బాయిలరు కారుట మొదలిడెను. చలికాలము. బాయిలరు చుట్టు ఇటుకకట్టు నున్నందున ఎక్కడ కారుచున్నదో తెలియదు. మంట ఆర్పి పగులగొట్టవలెను. లోపల మున్నూరుమంది బిడ్డలు. ఉత్తరపు చలిగాలి వీచుచుండెను. ముల్లరు రెండు వరములు కోరెను. గాలి దక్షిణపు గాలిగా మాఱవలెను, పనివారికి పనిపై మనస్సు పుట్టవలెను. పని నిర్ణయించిన దినమున దక్షిణపు గాలి వీచెను. సాయంకాలము పెద్దమేస్త్రీ, పనివారు రేపు ప్రొద్దున వత్తురని చెప్పబోగా, రాత్రియంతయు పనిచేయుదుమని పనివారే పలికిరి. సుమారు ముప్పది గంటలలో పని పూర్తియయ్యెను. ఇచట ఒక సంగతి మఱువరాదు. ముల్లరు ప్రార్థించుచు కూర్చుండలేదు. కారుచోటు వెదకించెను, పనివారిని పిలిపించెను, దినము నిర్ణయించెను. మనుష్యుడు చేయగల దానిని చేసి, చేయలేని దానిని దేవుని కప్పగించెను.

ఆయన నిరాకరించిన ధనములు గూడ స్మరణీయములు. అప్పులున్నవాడు అప్పు తీర్పక దానము చేయరాదని ఆయన నిశ్చితాభిప్రాయము. దాతల పేర్లు నివేదికలలో అచ్చొత్తింపలేదు. పేరునకై ఇచ్చువారు ఇచ్చుట మానుదురని తెలిసియే ఆ నియమము పెట్టెను. 1856లో దాత యొకడు ముల్లరు కుటుంబపు భవిష్యత్తునకై ఒక నిధి యుండవలెనని చెప్పి, దానికి మొదటి చందాగా నూఱు పౌనులు ఈయదలచెను. దేవుని నమ్ముకొనుడని పదిమందికి చెప్పుచు, తనకు మాత్రము నిధి కూర్చుకొనుట ముల్లరు మనస్సున కొప్పలేదు. వినయముతో నిరాకరించెను. తరువాత ఆ దాతయే ఆ నూఱు పౌనులను అనాథల కొఱకు పంపి, పిదప మఱియొక నూఱును పంపెను.

సంసారమున ఆయనకు దుఃఖములు తక్కువ కాదు. నలువదేండ్లు తోడునీడయై మెలగిన మేరీ 1870 ఫిబ్రవరి 6వ తేదీన మరణించెను. తరువాత సుసన్నా అను నామెను వివాహమాడి, 1875 మొదలు 1892 వఱకు ఆమెతో గూడ నలువదికి పైగా దేశములు తిరిగి బోధించెను. ఆ ప్రయాణము మొదలిడునాటికి ఆయనకు డెబ్బదియేండ్లు. హిందూదేశమునకు రెండుమాఱులు వచ్చెను. 1890 జనవరిలో జబ్బల్పూరున నుండగా, ఏకైక కుమార్తె లిడియా బ్రిస్టలులో మరణించెనన్న వార్త చేరెను. 1894లో సుసన్నా గూడ మరణించెను.

ముసలితనమున కష్టము మరల వచ్చెను. 1890 తరువాత ఆదాయము తగ్గెను. కొన్నియేండ్లు వ్యయము రాబడిని మించెను. పేరు ప్రపంచమంతట వ్యాపించియుండెను. ఒక్క విజ్ఞాపన వ్రాసినచో పత్రికలన్నియు అచ్చువేసియుండెడివి. ఏ బ్యాంకైనను అప్పిచ్చియుండెడిది. ఆయన విజ్ఞాపన వ్రాయలేదు, అప్పు తేలేదు. పనిలో కొంత తగ్గించుకొనెను. అక్కఱలేని స్థలమును విక్రయించెను. దైవమును నమ్మినవాని పని ఎప్పుడును పెరుగుచునే యుండునని ఆయన భావింపలేదు. పెరిగినపుడు పట్టిన నియమమునే తరిగినపుడును పట్టెను. నమ్మకము ఫలించుటకంటె నియమము నిలుచుటయే ఇచట గొప్ప విషయము.

1898 మార్చి 9వ తేదీ సాయంకాలము ఎప్పటివలె ప్రార్థనాసభ నడపెను. మఱునాడు ఉదయమున పరిచారిక తేనీరు తెచ్చి తలుపు తట్టగా పలుకు లేదు. మంచము ప్రక్కను నేలపై ప్రాణము విడిచియుండెను. వయస్సు తొంబదిరెండు. అంత్యక్రియలనాడు బ్రిస్టలు వీధులు జనముతో నిండెను. ఆర్నోస్ వేల్ శ్మశానవాటికలో భార్యల ప్రక్కను సమాధి చేసిరి.

పిమ్మట లెక్కలు తేలెను. ఆయన కాలమున ఆశ్రమములలో పెరిగిన బిడ్డలు పదివేలకు పైబడిరి. సంస్థకు చేరి వ్యయమైన ధనము సుమారు పదునైదు లక్షల పౌనులు. ప్రతి పెన్నీకిని జమ కలదు, ఖర్చు కలదు. ఋణపుపద్దు లేదు. ఆయన సొంత ఆస్తి, ఇంటి సామానులును పుస్తకములును కలుపుకొని, 169 పౌనుల 9 షిల్లింగుల 4 పెన్నీలు.

ఆష్లీ డౌను భవనములను 1958లో విక్రయించిరి. వాటిలో కళాశాల నడచెను. సంస్థ మాత్రము వేఱు రూపముల సేవ సాగించుచు వచ్చెను.

చివరకు ఒక పద్దు. సంస్థ జమాఖర్చులలో ఏటేట పేరు లేని దాత యొకడు కానవచ్చుచుండెను. క్రీస్తు ప్రేమచేత ప్రేరితుడై పరలోకమున ధనము కూర్చుకొనగోరు ఒక సేవకుడని మాత్రమే ఆ పద్దు నెదుట వ్రాసియుండెను. తన వ్యయమునకై తనకే ఇచ్చిన కానుకలనుండి ఆ సేవకుడు జీవితకాలమున ఇచ్చినది 81,490 పౌనుల 18 షిల్లింగుల 8 పెన్నీలు. ఆయన మరణించిన తరువాతనే ఆ పేరు లేని దాత ఎవరో స్పష్టముగా తెలిసెను. చిన్ననాడు తండ్రి పెట్టెలోని సర్కారు సొమ్మును జోడులో దాచుకొనిన జార్జి ముల్లరే ఆ దాత.